మన ఇంటికి వెల కట్టేది ఎవరు?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పేవారు. ఆ రెండు పనులూ ఎంత శ్రమతో కూడినవో చేసినవారికే తెలుస్తుందని దాని భావం. కాని కట్టిన ఇంటికి వెల కట్టడం కూడా తేలిక పని కాదని మా అమ్మగారు కాలం చేసిన తరువాత గాని నాకు తెలియలేదు.

చాట్స్‌వర్త్‌లో మా అమ్మగారి ఇల్లు చిన్నది. మూడు పడక గదులు, ఒక స్నానాల గది, వెనుక మా నాన్నగారు కట్టించిన ఔట్‌బిల్డింగ్ ఒకటి. మేము నలుగురు పిల్లలము. మా తమ్ముడూ అతని భార్యా అమ్మను చివరివరకు కనిపెట్టుకొని ఆ ఇంట్లోనే ఉన్నారు. ఇల్లు తమ్ముడికే ఉండాలని, తక్కిన ముగ్గురికీ వారి భాగం అతడు డబ్బుగా ఇవ్వాలని అందరమూ ఒప్పుకున్నాము. అంతవరకు బాగానే ఉన్నది. ఎంత ఇవ్వాలి అన్న చోట మాట ఆగిపోయింది.

భోజనాల బల్ల మీదికి మూడు కాగితాలు వచ్చాయి. మునిసిపాలిటీ పంపిన కాగితంలో ఇంటి విలువ 7 లక్షల 80 వేల రాండ్లు. తమ్ముడు అప్పు కోసం వెళ్ళిన బ్యాంకు చెప్పినది 9 లక్షల 20 వేలు. మా అక్క పిలిపించిన ఇళ్ళ ఏజెంటు రాసి ఇచ్చినది 12 లక్షలు. లెక్క సులభంగా ఉండటానికి సంఖ్యలను కొంచెం గుండ్రంగా మార్చి రాస్తున్నాను. తమ్ముడు మొదటి కాగితం పట్టుకున్నాడు, అక్క మూడవ కాగితం పట్టుకున్నది. "అమ్మ ఇంటిని చవకగా కాజేస్తున్నావు" అని ఆమె, "నన్ను అప్పుల్లో ముంచుతున్నావు" అని అతడు. ఆ సంవత్సరం దీపావళికి ఒకరింటికి ఒకరు పోలేదు.

బడిలో లెక్కలు చెప్పే నాకే ఈ లెక్క అర్థం కాలేదు. అందువలన చట్టం చదివాను, తెలిసినవారిని అడిగాను. చివరకు తెలిసినది ఏమంటే, ఆ మూడు కాగితాలలో ఏదీ అబద్ధం కాదు. మూడూ మూడు వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. ఏ కాగితం ఏ ప్రశ్నకు జవాబో తెలియకపోవడం వలననే మేము పోట్లాడుకున్నాము. మన సంఘంలో ఇటువంటి పోట్లాట మా ఇంటితోనే మొదలు కాలేదు, మా ఇంటితోనే ఆగదు. కాబట్టి నేను తెలుసుకున్నది మీతో పంచుకొంటున్నాను.

ఖర్చు, ధర, విలువ

మన తెలుగులో ఈ మూడు మాటలూ ఉన్నాయి. మాట్లాడేటప్పుడు ఒకదాని బదులు ఒకటి వాడేస్తాము. ఇక్కడ మాత్రం వాటిని విడదీసి చూడాలి.

ఖర్చు అంటే ఇంటి మీద మనం పెట్టిన డబ్బు. ధర అంటే ఒక అమ్మకంలో నిజంగా చేతులు మారిన డబ్బు. విలువ అంటే ఫలానా రోజున ఈ ఇల్లు అమ్మితే ఎంత వచ్చి ఉండేదో ఆధారాలు చూసి చెప్పిన అంచనా. ఖర్చుకు రసీదు ఉంటుంది. ధరకు దస్తావేజు ఉంటుంది. విలువకు మాత్రం ఆధారాలూ, వాటి మీద ఒక మనిషి తీర్పూ ఉంటాయి. ఒకరు 2 లక్షలు పెట్టి వంటగదికి పాలరాయి వేయించారు అనుకోండి. ఖర్చు 2 లక్షలే. ఆ వీధిలో ఇల్లు కొనేవారు పాలరాయికి అదనంగా 60 వేల కంటె ఇవ్వకపోతే, ఇంటి విలువ పెరిగింది 60 వేలే.

ఈ దేశపు చట్టం కూడా ఇదే చెబుతున్నది. 2004 నాటి మునిసిపల్ ఆస్తి పన్నుల చట్టం ప్రకారం మార్కెట్ విలువ అంటే, నిర్ణయించిన తేదీన, బహిరంగ మార్కెట్లో, ఇష్టపడి అమ్మేవాడు ఇష్టపడి కొనేవాడికి అమ్మి ఉంటే ఆ ఆస్తికి వచ్చి ఉండే మొత్తం. ఈ వాక్యంలో నాలుగు స్తంభాలు ఉన్నాయి. ఒక తేదీ, బహిరంగ మార్కెట్, ఇష్టపడిన అమ్మకందారు, ఇష్టపడిన కొనుగోలుదారు. ఏ ఒక్కటి లేకపోయినా వచ్చే సంఖ్యను మార్కెట్ విలువ అనరాదు.

ఇష్టం లేని అమ్మకం

"ఇష్టపడి" అన్న మాటను మనవాళ్ళు తేలికగా దాటిపోకూడదు. దాని వెనుక మన చరిత్ర ఉన్నది.

1860 నవంబరులో ట్రూరో ఓడ మద్రాసు నుంచి కూలీలను డర్బన్ రేవుకు తెచ్చింది. ఆ తరువాత వచ్చిన ఓడలలో మన తెలుగువాళ్ళు ఎందరో ఈ నాటాల్ గడ్డ మీద దిగారు. గడువు తీరిన కూలీ తిరుగు ప్రయాణం వదులుకుంటే, ఆ ప్రయాణపు ఖర్చుకు సరిపోయే ప్రభుత్వ భూమి ఇవ్వవచ్చునని 1870 నాటి చట్టంలో రాశారు. మనిషి చేసిన ఏళ్ళ చాకిరీకి కాదు, ఓడ టిక్కెట్టుకు సమానంగా భూమి వెల కట్టారు. అటువంటి భూమి కొద్దిమందికే దక్కింది. 1891లో ఆ ఏర్పాటు కూడా తీసివేశారు. తక్కినవారు కూరగాయలు పండించి, అమ్మి, పైసా పైసా కూడబెట్టి కౌలుకు తీసుకున్నారు, కొందరు కొనుక్కున్నారు.

తరువాత 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. ఏ జాతివాడు ఎక్కడ ఉండాలో, ఎవరు ఎక్కడ ఆస్తి కొనవచ్చునో ప్రభుత్వమే నిర్ణయించింది. 1958లో కేటో మేనర్‌ను తెల్లవారి ప్రాంతమని ప్రకటించారు. అక్కడ తోటలు, ఇళ్ళు, గుళ్ళు ఉన్నవారు కదలవలసి వచ్చింది. ఇటువంటి ఆస్తులకు అధికారులు "బేసిక్ వాల్యూ" అనే ఒక ఆధార విలువ కట్టేవారు. ముందుగా కొనే హక్కు ప్రభుత్వ బోర్డుకు ఉండేది.

పైన చెప్పిన నాలుగు స్తంభాలతో దీనిని పోల్చి చూడండి. అమ్మేవాడికి ఇష్టం లేదు. కొనేవారు ఎవరో చట్టం ముందే తేల్చింది, కాబట్టి మార్కెట్ బహిరంగం కాదు. నాలుగు స్తంభాలలో మూడు కూలినాక మిగిలింది ఒక తేదీ మాత్రమే. కాగితం మీద సంఖ్య ఉన్నది, దస్తావేజు మీద సంతకం ఉన్నది. కాని దానిని మార్కెట్ విలువ అనడానికి వీలు లేదు.

ఆ చట్టాన్ని 1991లో రద్దు చేశారు. 1994లో వచ్చిన భూమి హక్కుల పునరుద్ధరణ చట్టం కింద, 1913 జూన్ 19 తరువాత జాతి చట్టాల వలన భూమి పోగొట్టుకున్నవారు 1998 డిసెంబరు 31 లోపల అర్జీలు పెట్టుకొనే వీలు కలిగింది. మన సంఘంలోనూ చాలామంది పెట్టుకున్నారు. ఆ అర్జీలు తేల్చేటప్పుడు ఒక్క మార్కెట్ విలువనే చూడరు. ఆస్తి ఎట్లా వచ్చింది, ఎట్లా పోయింది, అప్పుడు ఏమి ఇచ్చారు, ఇన్నేళ్ళలో డబ్బు విలువ ఎంత మారింది అన్నవి కూడా లెక్కకు వస్తాయి. వెల కట్టడం చట్టంతోనూ న్యాయంతోనూ ముడిపడిన పని అని మన పెద్దలు అనుభవం మీద నేర్చుకున్నారు. వారి మనుమలమైన మనం ఆ పని పద్ధతి తెలుసుకోకపోతే తప్పు మనదే.

వెల కట్టే మూడు పద్ధతులు

ఇళ్ళకు ఎక్కువగా వాడేది పోలిక పద్ధతి. మన ఇంటి వంటి ఇళ్ళు దగ్గరలో ఈ మధ్య ఎంతకు అమ్ముడుపోయాయో చూసి, తేడాలు సవరించి, మన ఇంటి విలువ చెప్పడం. క్వాజూలు-నాటాల్‌లో జరిగిన అమ్మకాలు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోని డీడ్స్ ఆఫీసులో నమోదు అవుతాయి. రుసుము కట్టి ఎవరైనా ఆ వివరాలు తెలుసుకోవచ్చు. "అమ్మకానికి" అని బోర్డు మీద వేసిన ధర ఆధారం కాదు, అది అమ్మేవాడి ఆశ. నమోదైన ధరే ఆధారం.

మా అమ్మగారి ఇంటి లెక్కనే ఉదాహరణగా తీసుకుందాము.

మొదటి ఇల్లు అదే వీధిలో 9 లక్షల 50 వేలకు అమ్ముడుపోయింది. దానికి ఔట్‌బిల్డింగ్ లేదు, అందుకు 80 వేలు కలపాలి. దాని వంటగది కొత్తగా చేయించారు, అందుకు 50 వేలు తీసివేయాలి. వచ్చేది 9 లక్షల 80 వేలు.

రెండవ ఇల్లు పక్క వీధిలో 11 లక్షల 20 వేలకు పోయింది. దానికి మన ఇంటి వలెనే ఔట్‌బిల్డింగ్ ఉన్నది. అదనంగా కారు షెడ్డు, కొంచెం పెద్ద స్థలం ఉన్నాయి. వాటికి 1 లక్ష 20 వేలు తీసివేస్తే మిగిలేది 10 లక్షలు.

మూడవ ఇల్లు కొండవాలు కింద 9 లక్షల 10 వేలకు పోయింది. ఔట్‌బిల్డింగ్ లేదు, 80 వేలు కలపాలి. కారు గుమ్మం వరకు పోదు, మెట్లు దిగాలి. అందుకు 30 వేలు కలపాలి. వచ్చేది 10 లక్షల 20 వేలు.

నాలుగవ ఇల్లు 6 లక్షలకే పోయింది. విచారిస్తే తండ్రి కొడుకుకు రాసి ఇచ్చినది. అది బహిరంగ మార్కెట్ కాదు, అభిమానం. దానిని లెక్కలోంచి తీసివేయాలి.

ఇక్కడ పిల్లలే కాదు పెద్దలు కూడా ఒక తప్పు చేస్తారు. సవరణ ఎప్పుడూ అమ్ముడుపోయిన ఇంటికి చేయాలి, మన ఇంటికి కాదు. ఆ ఇంటిలో ఎక్కువ ఉన్నది తీసివేయాలి, తక్కువైనది కలపాలి. అప్పుడు ఆ ఇల్లు మన ఇంటి వలె అవుతుంది. 9 లక్షల 80 వేలు, 10 లక్షలు, 10 లక్షల 20 వేలు చూసి వాల్యూయర్ 10 లక్షలు అంటాడు. ఇక్కడ సగటు కూడా అదే వచ్చింది గాని, అతడు చేసేది వట్టి సగటు కాదు. ఏ ఇల్లు మన ఇంటికి ఎక్కువ దగ్గరగా ఉన్నదో, ఏ అమ్మకం ఈ మధ్యదో చూసి, దానికి ఎక్కువ బరువు ఇస్తాడు.

రెండవది ఖర్చు పద్ధతి. స్థలం విలువకు, ఈనాడు అటువంటి ఇల్లు కట్టడానికి అయ్యే ఖర్చు కలిపి, పాతబడినందుకు తరుగు తీసివేయడం. పోల్చడానికి అమ్మకాలు దొరకని బడి, గుడి వంటి కట్టడాలకు ఇది పనికి వస్తుంది. మూడవది ఆదాయ పద్ధతి. అద్దె కోసం ఉన్న ఫ్లాట్ల వంటి వాటికి ఇది వాడతారు. ఖర్చులు పోగా ఏటా 60 వేల అద్దె మిగిలితే, ఆ రకం ఆస్తి మీద కొనేవారు 10 శాతం రాబడి కోరుతుంటే, విలువ 6 లక్షలు అవుతుంది.

ఇంటి భీమాకు మాత్రం మార్కెట్ విలువ చూడకూడదని గుర్తుంచుకోండి. స్థలం కాలిపోదు. ఇల్లు కూలితే శిథిలాలు తీసి మళ్ళీ కట్టడానికి ఎంత అవుతుందో అంతకు భీమా చేయించాలి. తక్కువకు చేయిస్తే, కొంత భాగమే పాడైనప్పుడు కూడా పరిహారాన్ని అదే నిష్పత్తిలో తగ్గించే నిబంధన సాధారణంగా ఉంటుంది.

మూడు కాగితాలు, మూడు ప్రశ్నలు

ఇప్పుడు మా బల్ల మీది కాగితాల దగ్గరకు తిరిగి వద్దాము.

ఏజెంటు జవాబు చెప్పిన ప్రశ్న ఇది: "ఈ ఇంటిని ఎంతకు అమ్మకానికి పెట్టవచ్చు?" ఏజెంటుకు అమ్మే పని దొరకాలి. బేరం ఆడటానికి కొంత జాగా కూడా ఉండాలి. అందుచేత ఆ సంఖ్య పైకి మొగ్గుతుంది. మోసమని అనలేము గాని, అది ధరా కాదు, విలువా కాదు.

బ్యాంకు జవాబు చెప్పిన ప్రశ్న వేరు: "అప్పు తీరకపోతే ఈ ఇంటి మీద మాకు ఎంత తిరిగి వస్తుంది?" అది జాగ్రత్తపరుని లెక్క. కొన్నిసార్లు బ్యాంకు మనిషి ఇంటికి రాకుండానే నమోదైన అమ్మకాల వివరాలతో లెక్క కడతారు. మా విషయంలో ఒకరు వచ్చి చూశారు. ఔట్‌బిల్డింగ్‌కు మంజూరైన ప్లాను చూపమన్నారు. మా తమ్ముడి దగ్గర లేదు. దానికి విలువ వేయలేదు. 10 లక్షలలోంచి 80 వేలు పోతే 9 లక్షల 20 వేలు. తేడా అంతా అక్కడే ఉన్నది!

ఈ దేశంలో 1977 నాటి కట్టడాల చట్టం ప్రకారం మునిసిపాలిటీ మంజూరు చేసిన ప్లాను లేకుండా కట్టడం కట్టకూడదు. మనవాళ్ళ ఇళ్ళలో కొడుకు పెళ్ళికి ఒక గది, అద్దెకు ఒక గది వేసుకోవడం మామూలే. ప్లాను లేకుంటే అమ్మేటప్పుడు, అప్పు తీసుకొనేటప్పుడు ఆ గది లెక్కకు రాకుండా పోవచ్చు. ఇంకా పెద్ద చిక్కు కూడా కావచ్చు.

మునిసిపాలిటీ జవాబు చెప్పిన ప్రశ్న మూడవది: "ఊరిలోని ఆస్తులన్నిటి మధ్య పన్ను భారం న్యాయంగా పంచడానికి, ఆనాటి తేదీన ఈ ఇంటి విలువ ఎంత?" ఇక్కడ "ఆనాటి" అన్న మాట ముఖ్యం. దీనిని కొంచెం వివరంగా చెప్పాలి.

విలువల పట్టీ, రేట్స్ లెక్క

ప్రతి మునిసిపాలిటీ తన పరిధిలోని ఆస్తులకు ఒకే తేదీన విలువ కట్టి ఒక పట్టీ తయారు చేస్తుంది. దానిని వాల్యుయేషన్ రోల్ అంటారు. డర్బన్ వంటి మహానగరాలలో పట్టీ కాలం మామూలుగా 4 సంవత్సరాలు, ప్రత్యేక పరిస్థితులలో పొడిగించవచ్చు. ఎతెక్విని మునిసిపాలిటీలో 2022 జూలై 1న అమలుకు వచ్చిన పట్టీకి విలువ తేదీ 2021 జూలై 1. అంటే ఆ పట్టీ పుట్టిన రోజునే అందులోని సంఖ్యలకు ఒక ఏడు నిండింది. పట్టీ పాతబడే కొద్దీ మార్కెట్టుకూ దానికీ దూరం పెరుగుతుంది. అన్నదమ్ముల పంపకానికి ఆ సంఖ్య పనికిరాదని దీనితోనే తెలుస్తుంది.

లక్షల ఇళ్ళకు ఒక్కసారి విలువ కట్టాలి గనుక, ఇంటి లోపలికి వచ్చి చూడటం తప్పనిసరి కాదని చట్టమే చెబుతున్నది. విమానం మీదినుంచి తీసిన ఫోటోలు, నమోదైన అమ్మకాలు, కంప్యూటరు లెక్కలు వాడవచ్చు. మీ పైకప్పు కారుతున్నదని, గోడ బీటలు వారిందని ఆ లెక్కకు తెలియదు. మీరు చెప్పాలి.

పన్ను లెక్క ఇట్లా ఉంటుంది. ఇంటి విలువలోంచి చట్టం ప్రకారం మొదటి 15 వేల రాండ్లు తీసివేయాలి. మునిసిపాలిటీ తన విధానం ప్రకారం ఇంకా తగ్గింపులు ఇవ్వవచ్చు. మిగిలిన ప్రతి రాండుకు ఇన్ని సెంట్లు అని ప్రతి సంవత్సరం బడ్జెట్టులో నిర్ణయిస్తారు. ఉదాహరణకు రాండుకు 1 సెంటు అనుకుందాము. 10 లక్షల ఇంటికి 15 వేలు పోగా 9 లక్షల 85 వేలు. ఏడాదికి 9,850 రాండ్లు, నెలకు సుమారు 821 రాండ్లు.

"ఇంటి విలువ రెట్టింపు అయింది, ఇక పన్ను కూడా రెట్టింపే" అని చాలామంది కంగారు పడతారు. అట్లా కానక్కరలేదు. అందరి విలువలూ సమానంగా పెరిగితే, సెంట్ల లెక్క తగ్గించి అంతే పన్ను రాబట్టవచ్చు. పక్కవారి ఇళ్ళ కంటె మన ఇంటి విలువను ఎక్కువగా పెంచారా అన్నదే మనం చూడవలసినది. మీ కాగితం రాగానే ఇరుగు పొరుగు ఇళ్ళ సంఖ్యలు కూడా పట్టీలో చూడండి. పట్టీ బహిరంగమైనది, ఎవరైనా చూడవచ్చు.

అభ్యంతరం చెప్పడం ఎట్లా?

కొత్త పట్టీ వచ్చినప్పుడు ప్రకటన వేస్తారు, ఇంటి యజమానికి కాగితం పంపుతారు. అభ్యంతరం చెప్పడానికి కనీసం 30 రోజులు గడువు ఇవ్వాలి. ఆ కాగితాన్ని చదవకుండా డ్రాయరులో వేయడం మన ఇళ్ళలో పెద్ద అలవాటు. గడువు దాటితే మీ న్యాయమైన మాట కూడా ఆలస్యపు మాట అవుతుంది.

అభ్యంతరం నిర్ణీత ఫారం మీద, ఫలానా ఆస్తి గురించి రాయాలి. "విలువలన్నీ అన్యాయం" అని మొత్తం పట్టీ మీద రాస్తే చెల్లదు. విలువ తేదీకి దగ్గరలో జరిగిన మూడు నాలుగు అమ్మకాలు చూపండి. పైన చెప్పినట్లు తేడాలు సవరించి చూపండి. ఇంటి లోపాలకు ఫోటోలు పెట్టండి. గదుల సంఖ్య, స్థలం కొలత తప్పుగా రాశారేమో చూడండి. "నేను పింఛను మీద బతుకుతున్నాను, కట్టలేను" అన్నది నిజమే కావచ్చు గాని, అది విలువ మీద అభ్యంతరం కాదు. దానికి పింఛనుదారులకు, పేదవారికి ఇచ్చే తగ్గింపుల కోసం వేరే దరఖాస్తు ఉంటుంది, అది పెట్టుకోండి.

మరి రెండు జాగ్రత్తలు. అభ్యంతరం పెట్టినంత మాత్రాన పన్ను ఆగదు, తీర్పు వచ్చేవరకు కడుతూ ఉండాలి. మళ్ళీ పరిశీలిస్తే విలువ తగ్గనూ వచ్చు, పెరగనూ వచ్చు. మునిసిపల్ వాల్యూయర్ అభ్యంతరం మీద విలువను 10 శాతం కంటె ఎక్కువగా మార్చితే, ఆ మార్పును అప్పీలు బోర్డు తప్పనిసరిగా చూడాలి. వాల్యూయర్ తీర్పు మనకు నచ్చకపోతే కారణాలు అడగవచ్చు, ఆ బోర్డుకే అప్పీలు చేయవచ్చు. వీటికి కూడా గడువులు ఉన్నాయి.

పట్టీ మధ్యలో ఇంటికి పెద్ద మార్పు వస్తే మరుసటి పట్టీదాకా ఆగనక్కరలేదు. 2022 ఏప్రిల్ వరదలలో డర్బన్ చుట్టుపట్ల ఎన్నో ఇళ్ళు కూలాయి, ఎన్నో గట్లు జారాయి. అప్పుడు రాబోతున్న పట్టీకి విలువ తేదీ 2021 జూలై గనుక, ఆ తేదీ నాటికి ఆ ఇళ్ళు నిలిచే ఉన్నాయి! ఇటువంటి చోట్ల అనుబంధ విలువ కట్టడానికి అదే చట్టంలో వీలు ఉన్నది. విలువ గణనీయంగా మారిందని రాతపూర్వకంగా తెలియజేయండి.

మన పెద్దలకు ఏ చట్టం కింద ఇల్లు పోయిందో, ఆ చట్టం చేసిన పార్లమెంటుకు వారికి ఓటు కూడా లేదు. మనకు ఓటు ఉన్నది, ఫారం ఉన్నది, 30 రోజులు ఉన్నాయి. వాడుకోకపోవడం బాగుండదు.

పంపకాలకు ఏమి చేయాలి?

వారసత్వపు ఆస్తికి చనిపోయిన తేదీ నాటి విలువ కావాలి. ఎస్టేటు వ్యవహారాలు హైకోర్టు మాస్టర్ కార్యాలయం పర్యవేక్షణలో జరుగుతాయి. ఆ పనికి అధికారికంగా నియమితులైన అప్రైజర్లు ఉంటారు. వాల్యూయర్ల వృత్తికి 2000 నాటి చట్టం కింద ఒక కౌన్సిల్ ఉన్నది. ఆ కౌన్సిల్‌లో రిజిస్టరు అయిన వాల్యూయర్‌నే పిలవండి. ఫీజు ముందుగా మాట్లాడుకోండి. విలువ ఎక్కువ కడితే ఎక్కువ ఫీజు అన్న బేరానికి ఒప్పుకోకండి.

చివరకు మేము చేసినది ఇదే. ఎవరికి వారు ఒక మనిషిని తెచ్చుకోకుండా, నలుగురమూ ఒకే ఉత్తరం మీద సంతకం పెట్టి ఒకే వాల్యూయర్‌ను పిలిచాము. ఏ ఇల్లు, ఏ తేదీ నాటి విలువ, ఏ పని కోసం అన్నవి మూడూ ఆ ఉత్తరంలో రాశాము. ఆమె వచ్చి రెండు గంటలు ఇల్లంతా కొలిచి, చూసి, ఔట్‌బిల్డింగ్ ప్లాను అడిగింది. అప్పుడు మా అక్కకు నాన్నగారి ట్రంకు పెట్టె గుర్తుకు వచ్చింది. తెరిచి చూస్తే, పాత రేట్స్ రసీదుల కింద, కార్పొరేషన్ ముద్ర వేసిన ప్లాను నాలుగు మడతలతో ఉన్నది. నాన్నగారు చదువుకున్నది మూడవ తరగతి వరకే. కాని కాగితం విలువ ఆయనకు తెలుసు.

10 లక్షలు అని రిపోర్టు వచ్చింది. ఆధారంగా చూసిన అమ్మకాలు, చేసిన సవరణలు అన్నీ అందులో ఉన్నాయి. నలుగురమూ కూర్చొని చదివాము. నాలుగు భాగాలు చేస్తే ఒక్కొక్కరికి 2 లక్షల 50 వేలు. అప్పుడు అక్కే అన్నది: "ఇల్లు ఎంతో ఈ కాగితం చెప్పింది. అమ్మను రాత్రులు లేపి మందు ఇచ్చినదానికి ఎంతో ఏ కాగితమూ చెప్పదు. నాకు 2 లక్షలు చాలు." తక్కిన ఇద్దరమూ సరే అన్నాము. అటార్నీ చేత పంపకం ఒప్పందం రాయించుకున్నాము. తమ్ముడు కట్టవలసినది 6 లక్షలు అయింది.

ఈ సంగతి మా కుటుంబపు గొప్ప కోసం చెప్పలేదు. సంఖ్య మీద అనుమానం ఉన్నంత కాలం మా అక్క ఆ మాట అనలేకపోయింది. లెక్క తేటపడిన తరువాతనే ఆమె తన ఇష్టంతో తగ్గించుకోగలిగింది. అది నిజంగా ఇష్టపడి చేసిన పని.

కాబట్టి పాఠకులారా, ఇంటి విలువ అని ఎవరు ఏ సంఖ్య చెప్పినా మూడు ప్రశ్నలు అడగండి. ఎవరి కోసం కట్టిన వెల? ఏ తేదీన? ఏ ఆధారాలతో? ఈ మూడింటికి జవాబు దొరికేదాకా తోబుట్టువులతో పోట్లాడకండి, దేని మీదా సంతకం పెట్టకండి. ఈ ఆదివారమే మీ ఇంట్లో టైటిల్ డీడ్, మంజూరైన ప్లాను, రేట్స్ కాగితాలు ఎక్కడ ఉన్నాయో వెదికి ఒకచోట పెట్టండి. పెద్దలు ఉండగానే వారిని అడిగి తెలుసుకోండి. ఈ నాలుగు మాటలు చదివి ఒక్క కుటుంబమైనా వచ్చే దీపావళికి ఒకే బల్ల దగ్గర కూర్చుంటే నా శ్రమ ఫలించినట్లే.